నిలకడైన కోపం

మా అమ్మ కోపాన్ని లెక్కల్లోకి ఎక్కించింది నేనే. కాకినాడ జగన్నాథపురంలో మా వీధిలో ఎవర్నడిగినా అది లెక్కకు అందే సరుకు కాదంటారు. పాలవాడూ, కరెంటు రీడింగు తీసే ఆయనా, గుడిలో పంతులుగారూ అందరూ దాని రుచి చూసినవాళ్లే. అయితే అవన్నీ చిల్లర కోపాలు. అసలుది, ఏళ్ల తరబడి జాడీలో ఊరినది, ఒక్క మనిషి కోసం విడిగా దాచి ఉంచేది. ఆవిడ అమ్మకు తోడికోడలు, నాకు పెద్దమ్మ. పేరు భ్రమరాంబ.

మాది రెండు వాటాల ఇల్లు. నడుమ భుజాలెత్తు గోడ. ఇటు మేము, అటు పెద్దమ్మ. పెదనాన్న పోయి చాలా కాలమైంది, వాళ్లకు పిల్లలు లేరు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టిన పులుసును పెద్దమ్మ పదిమందిలో "చేతులు కడుక్కున్న నీళ్లు" అన్నదట. అక్కడ మొదలైందని నాన్న అంటాడు. నాకు ఊహ తెలిసేసరికి అది పులుసు దాటి, బట్టలారేసే తీగ దాటి, ఎవరి పుట్టిల్లు ఎలాంటిదన్న దాకా వెళ్లింది. నేను ఆ కేకల మధ్యనే ఎక్కాలు బట్టీపట్టాను. మరీ భరించలేనప్పుడు గోడ దూకి అటువైపు పోయేదాన్ని. పెద్దమ్మ నాకు బెల్లం అట్టు పోసి పెట్టి, తను ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చునేది.

నా పేరు సువర్చల. విశాఖపట్నంలో ఒక పరిశోధనా సంస్థలో ప్రవాహాల మీద పనిచేస్తాను. నీళ్లు, గాలి, రక్తం, ఏది పారినా నాకు ఒకటే. ఆ పారేది సుడులు తిరిగి అల్లకల్లోలంగా ఉన్నప్పుడు దానిగుండా షాక్ తరంగం, అంటే శబ్దం కన్నా వేగంగా దూసుకుపోయే ఒత్తిడి దెబ్బ, వెళితే ఏమవుతుందో కంప్యూటర్లో ఆడించి చూడటం నా ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో గొంతు పెంచే మనిషి ఇంకొకరు వద్దనుకున్నాను.

మా సంస్థ ఉన్న కొండ దిగితే యూనస్ గారి ఆసుపత్రి. ఆయన గుండె డాక్టరు. గుండె కవాటానికి సున్నం పట్టి బిగుసుకుపోయిన ముసలివాళ్లకు ఛాతీ కొయ్యకుండా, బయటినుంచే షాక్ తరంగాలు కొట్టి ఆ సున్నాన్ని పొడి చెయ్యాలని ఆయన పంతం. కిడ్నీలో రాళ్లకు చేస్తున్నాం కదా, గుండెకెందుకు కాదు అంటూ మా ల్యాబు చుట్టూ తిరిగేవారు. ఎందుకు కాదో ఆయనకు చేసి చూపించాను. గాజుతొట్టిలో రబ్బరు కవాటం బిగించి, దానికి సున్నం పెచ్చు అంటించి, పంపుతో రక్తంలాంటి ద్రవాన్ని తోశాను. ఇరుకు సందులోంచి ద్రవం చిమ్ముకొచ్చి అవతల సుడులు తిరిగింది. షాక్ వదిలాను. సున్నం పెచ్చు చెక్కు చెదరలేదు. పక్కనున్న రబ్బరు గోడకు చిల్లి పడింది.

"గురి తప్పిందా?" అన్నారు యూనస్ గారు.

"గురి సరిగ్గానే ఉంది. సుడి లాక్కుంది" అన్నాను.

ప్రతి సుడికీ నడిమధ్య ఒక కన్ను ఉంటుంది. కంటికి ఆనని బుడగలన్నీ అక్కడికి చేరతాయి. షాక్ తరంగం వాటిని తాకగానే వంగుతుంది, ముడతలు పడుతుంది, ఒక్కోచోట పదింతలై కొడుతుంది. సుడి ఎక్కడుందో ముందే తెలిస్తే ఆ పదింతల దెబ్బను సున్నం మీదే పడేలా వదలొచ్చు. కానీ ఒక గుండె చప్పుడులో ఉన్న సుడి ఇంకో చప్పుడులో అక్కడుండదు.

మా వృత్తిలో ఇలాంటి చోట అందరూ చేసే పని ఒకటే. వేలసార్లు ఆడించి సగటు తీస్తారు. మా డైరెక్టరు కూడా అదే చెయ్యమన్నాడు. "సగటు చాలమ్మా, పేపరు వేసేద్దాం" అన్నాడు. సగటులో సుడి కనిపించదు. అన్ని సుడులూ ఒకదాన్నొకటి చెరిపేసుకుని అంతా చదునుగా ఉంటుంది. ఆ చదును చూసి షాక్ కొడితే బల్ల మీదున్న మనిషి చస్తాడు. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. మర్నాడు నా గదిని జనరేటరు పక్కకు మార్పించాడు.

ఆ జనరేటరు రొదలోనే 'జాడ' తయారైంది. అది నా ప్రోగ్రాం. ఒక మనిషి గుండెలో రక్తం ఎన్ని తీరుల్లో సుడి తిరగగలదో అన్నీ ముందే ఆడించి దాచుకుంటుంది. చికిత్స జరిగేటప్పుడు అల్ట్రాసౌండులో గుండె చప్పుడు మొదలు చూసి, ఆ చప్పుడు పూర్తయ్యేలోగా ఏ సుడి ఎక్కడ లేస్తుందో చెప్పేస్తుంది. నమ్మకం కుదిరితే తెర మీద పచ్చరంగు, షాక్ వదలొచ్చు. కుదరకపోతే ఎరుపు, వదలకూడదు. గాజుతొట్టిలో పనిచేసింది. మేకల మీద పనిచేసింది. ఇద్దరు మనుషుల మీద కూడా పనిచేసింది. మూడో మనిషి మా అమ్మ అవుతుందని నేననుకోలేదు.

అమ్మ మేడ మెట్లెక్కుతూ పడిపోయింది. కవాటం మూసుకుపోతోందన్నారు. ఛాతీ తెరిచే ఆపరేషన్‌కు తట్టుకోదు. తొడలోంచి తీగ పంపి కొత్త కవాటం పెడదామంటే రక్తనాళాలు సన్నం, పైగా మెలికలు. ఇద్దరు పెద్ద డాక్టర్లు తల అడ్డంగా ఊపి, వానాకాలం దాటదన్నారు. అమ్మను విశాఖపట్నం తీసుకొచ్చి యూనస్ గారి ఆసుపత్రిలో పడుకోబెట్టాను. ఆ గుండెను నా ప్రోగ్రాముకు నేర్పడం మొదలుపెట్టాను.

నేర్చుకోదే! అమ్మ ప్రశాంతంగా పడుకుంటే చాలు, గుండె నడుమ నడుమ ఒక చప్పుడు తొందరపడేది, ఒకటి మింగేసేది. చప్పుడుకో తీరు, సుడికో చోటు. తెర మీద ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు. మత్తు ఇస్తే రక్తపోటు పడిపోతుంది. గుండెను పరుగెత్తించే మందు కొద్దిగా ఎక్కిస్తే తప్పటడుగులు ఇంకా ఎక్కువయ్యాయి. నాకు ఏడుపొచ్చింది. ఊరందరి గుండెలూ దడిపించిన మనిషి గుండె ఇలా తడబడుతుంటే చూడలేకపోయాను.

నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "వదిన ములక్కాడలు కోసింది. మనవైపు చెట్టువే, గోడ మీదకి వాలిన కొమ్మ" అన్నాడు.

"ఏ కొమ్మ?" అంది అమ్మ.

"అదే, అటువైపు వాలింది."

"నేను మంచాన పడ్డానని తెలిసి కోసిందన్నమాట! మొక్కప్పుడు మేక నోట్లోంచి లాక్కుని బతికించిన చెట్టండీ అది. ఆవిడగారు చెయ్యి చాపి కోసుకుంటా ఉంటే మీరు చూత్తా కూర్చున్నారా? కూర్చునే ఉంటారు. ఆవిడిచ్చిన కాఫీ తాగుతా కూర్చునుంటారు!"

తెర పచ్చబడింది.

ముందు యంత్రం చెడిందనుకున్నాను. అమ్మ తిడుతున్నంతసేపూ పచ్చగానే ఉంది. గుండె గబగబా కొట్టుకుంటోంది గానీ ఒక్క తప్పటడుగు లేదు. ప్రతి చప్పుడూ ముందుదానికి అచ్చుగుద్దినట్టుంది. సుడులు బుద్ధిగా నా ప్రోగ్రాం చెప్పినచోటే లేస్తున్నాయి. ములక్కాడల సంగతి చల్లారగానే మళ్లీ ఎరుపు వచ్చేసింది.

యూనస్ గారు నన్ను వరండాలోకి పిలిచారు. "ఈ వదిన గారెవరండీ?" అన్నారు.

ఇతర కోపాలూ వాడి చూశాం. టీవీ వార్తలు పెట్టాం. ఆసుపత్రి ఉప్మా పెట్టాం. నా పెళ్లి ఊసెత్తాం. నా మీద అమ్మకు కోపం వచ్చేది గానీ నిలిచేది కాదు. రెండు కేకలేసి, "సర్లే, తిన్నావా?" అనేది. తెర అలా పచ్చబడి ఇలా ఎర్రబడేది. పెద్దమ్మ మీద కోపం ఒక్కటే నిలకడైనది. ఇక నాన్నను దానికే నియమించాం. పాపం ఆయన రోజుకో నేరం మోసుకొచ్చేవాడు. పెద్దమ్మ మన గుమ్మం ముందుకు చెత్త ఊడ్చింది, పెద్దమ్మ మన పిల్లికి పాలు పోసి మాలిమి చేసుకుంది. సరుకైపోయాక సొంతంగా కల్పించాడు కూడా. అమ్మ తిట్టింది, జాడ నేర్చుకుంది. వారం తిరిగేసరికి అమ్మ కోపంలో ఏ సుడి ఎక్కడ పుట్టి ఎక్కడ చస్తుందో నా ప్రోగ్రాముకు కంఠతా వచ్చేసింది.

కానీ చికిత్సరోజున చాడీలు చాలవు. షాకులు తగులుతుంటే నొప్పి ఉంటుంది, భయం ఉంటుంది. అంత భయంలోనూ కోపం నిలవాలంటే మనిషే ఎదురుగా ఉండాలి.

"మీ అమ్మగారికి ముందే చెప్పాలి మేడం" అన్నారు యూనస్ గారు.

"చెబితే కోపం రాదు. నవ్వొస్తుంది."

"చెప్పకపోతే మోసమవుతుంది. చికిత్సకు ఒప్పుకున్నారు గానీ ఈ తగువుకు ఒప్పుకోలేదు కదా?"

"చచ్చిపోతే ఏమవుతుంది?" అన్నాను. గట్టిగానే అన్నాను, నర్సులు తిరిగి చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషి, కానీ మా ఇంట్లో పుట్టలేదు, గొంతు పెంచితే వెనక్కి తగ్గుతారు.

నేను కాకినాడ వెళ్లాను. పెద్దమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ముంజేతి నిండా ఆకుపచ్చ గాజులు. పెదనాన్న పోయినా ఆవిడ గాజులు తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో నాకు తెలియదు, నేను అప్పుడు చిన్నదాన్ని.

"మీ అమ్మకి బాగోలేదని చేపలావిడ చెప్పిందే బుల్లీ. నాకు చెప్పేవాళ్లే లేకపోయారు" అంది, తలెత్తకుండా.

"నువ్వు విశాఖపట్నం రావాలి పెద్దమ్మా."

"అది రమ్మందా?"

"రమ్మనలేదు. నువ్వొచ్చి తిట్టాలి."

పెద్దమ్మ చెయ్యి ఆగింది. నేను సున్నం, సుడులు, పచ్చరంగు అన్నీ చెప్పాను. అంతా విని, "తిట్టడానికి ఇశాపట్నం దాకా ఎందుకే? ఇక్కడ గోడ దగ్గర నుంచోబెడితే ఊరికే తిడతాను కదా" అంది. నేను నవ్వలేదు. అప్పుడు చింతపండు పళ్లెం పక్కకు నెట్టి, "చావుబతుకుల్లో ఉన్నదాన్ని తిట్టమంటావా? నా నోరు పడిపోదా?" అంది.

"తిట్టకపోతే చస్తుంది."

"అచ్చం మీ అమ్మ నోరే వచ్చింది నీకు" అని లేచి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

కారు తుని దాటేదాకా ఆవిడ పెదాలు కదుపుతూనే ఉంది. జపం చేసుకుంటోందనుకున్నాను. అడిగితే, "పులుసు దగ్గర్నుంచీ వరసగా పేర్చుకుంటన్నానే, మధ్యలో ఏదన్నా మర్చిపోతానేమోనని" అంది.

చికిత్స గదిలో లోహం అన్నది ఉండకూడదు. అమ్మ మెడలోని సూత్రాలు, నల్లపూసలు, ముక్కుపుడక నర్సు తీయించి నాన్న చేతికిచ్చింది. గాజులు మట్టిగాజులే, ఉన్నా ఫరవాలేదు. కానీ వాటి గలగల అల్ట్రాసౌండు కొలతల్లోకి వస్తోంది. నా కొలతల్లో ఏ రొదా నాకిష్టం ఉండదు. అవి కూడా తీసెయ్యమన్నాను. ఆ ఒక్క ఆజ్ఞ నాది. అమ్మ ఏదో అనబోయి నా మొహం చూసి మెదలకుండా చేతులు చాపింది. సబ్బు రాసి ఒక్కొక్కటే తీశారు.

నేను అద్దం వెనక గదిలో తెర ముందు కూర్చున్నాను. యూనస్ గారు మంచం పక్కన, కాలి కింద షాక్ వదిలే పెడలు. అమ్మ ఛాతీ మీద నీళ్లసంచీ లాంటి యంత్రం తల ఆనించి ఉంది. మెడదాకా దుప్పటి. తెర ఎర్రగా ఉంది. మైకులో "పంపండి" అన్నాను.

పెద్దమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "ఏమే సీతారత్నం! మహారాణీలాగా పడుకుని అందరిచేతా సేవలు చేయించుకుంటన్నావేంటే? మొదట్నుంచీ నీకు పని ఎగ్గొట్టడం అలవాటే కదా!"

అమ్మ మెడ తిప్పి చూసింది. ఆ చూపు నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. "ఈవిడెందుకొచ్చింది? ఈవిణ్ణెవరు రమ్మన్నారు? ఇక్కడికి కూడా వచ్చావా, నేను పోతే చూసి సంతోషించడానికి?"

పచ్చ. యూనస్ గారు పెడలు నొక్కారు. టప్‌మని చిన్న చప్పుడు. తెరమీద ముడతలు పడిన తరంగం సుడుల మధ్యనుంచి వంపు తిరిగి సరిగ్గా సున్నం మీద పగిలింది. ఒక పెళ్ల పొడిగా రాలింది.

"పోతావా నువ్వు? నన్ను పంపించిగానీ పోవు! పులుసు పెట్టడం చేతకాదుగానీ నోటికి మాత్రం తక్కువలేదు."

"నా పులుసు నీ మొగుడే రెండుసార్లు పోయించుకున్నాడు! అడగలేకపోయావా?"

టప్. ఇంకో పెళ్ల. పచ్చ మీద పచ్చ. నేను కుర్చీలోంచి లేచిపోయాను. నా జీవితంలో నేను చూసిన అందమైన దృశ్యం అదే. ఆ ఇద్దరి తగువులోంచి లేచిన సుడులు ఒక్కొక్కటీ నా లెక్కకు తలవంచి నిలబడుతున్నాయి. యూనస్ గారు అద్దంలోంచి నా వైపు బొటనవేలు చూపించారు. ముప్పాతిక పని అయిపోయింది.

అప్పుడు పెద్దమ్మ ములక్కాడల దగ్గరికొచ్చింది. "నీ చెట్టా? నా గోడ మీద వాలాక నీ చెట్టెలా అవుతుందే?" అంటూ మంచం దాకా వచ్చేసింది.

"నా చెట్టే!" అని అమ్మ దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి చూపుడువేలు ఆడించింది.

పెద్దమ్మ నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. ఆ చెయ్యి వైపు చూస్తూ నిలబడింది. తర్వాత దుప్పటి కాస్త తప్పించి మెడ చూసింది.

"నీ గాజులేవే?" అంది. "సూత్రాలేవే? మరిది బానే ఉన్నాడు కదే. ఇప్పుడే చూసి వచ్చాను కదే బయట!"

"తీయించారు" అంది అమ్మ.

"ఎవరే? ఎవరు తీయించారే? ఆయన పోయిన్నాడు చుట్టాలంతా నా చేతుల మీద పడితే, గుమ్మానికడ్డం నుంచుని, మా అక్క చెయ్యి ముట్టుకోండి చూద్దాం అన్నావు కదే. ఈ చేతులకి గాజులు నువ్వు నిలబెట్టినవి కదే. నీ చేతులు బోడి చేత్తుంటే ఎవరూ అడ్డం నుంచోలేదటే?"

పెద్దమ్మ భోరుమంది. తన చేతి గాజులు లాగి అమ్మ చేతికి ఎక్కించబోయింది. అమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఏడవకక్కా" అంది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

యూనస్ గారి కాలు అప్పటికే పెడలు మీద పడింది. పచ్చలో వదిలిన షాక్ ఎరుపులో తగిలింది. అమ్మ ఒళ్లు ఎగిరిపడింది. రక్తపోటు అంకెలు జారడం మొదలుపెట్టాయి.

"కవాటం రెక్కకున్న పెళ్ల సగం విరిగి ఇరుక్కుంది" అన్నారు యూనస్ గారు మైకులో. "ఇప్పుడు ఆపితే దక్కదు. రెండు మూడు షాకులు చాలు. నాకు పచ్చ కావాలి."

"పెద్దమ్మా, తిట్టు!" అని అరిచాను.

"నా వల్ల కాదే" అంది పెద్దమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని.

తెర వదిలేసి లోపలికి పరుగెత్తాను. మంచం కమ్మీ పట్టుకుని నోటికొచ్చింది అన్నాను. ములగచెట్టు మొదలంటా కొట్టించేశానన్నాను. నాన్న రోజూ పెద్దమ్మ ఇంట్లోనే భోంచేస్తున్నాడన్నాను. అమ్మ సగం మూసిన కళ్లతో, "చెయ్యనీ. వండిపెట్టేదెవరు పాపం" అంది. మొహం బూడిదరంగుకు తిరుగుతోంది. పక్కనున్న చిన్న తెర మీద ఎరుపు అలాగే ఉంది. అమ్మ శాంతంగా, అందరినీ క్షమించేసి చచ్చిపోతోంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆ శాంతం మీద వచ్చింది. నాకు కావలసినప్పుడు ఏనాడూ దొరకని శాంతం అది.

"అమ్మా, చిన్నప్పుడు గోడ దూకి పెద్దమ్మ ఇంటికి ఎందుకెళ్లేదాన్నో తెలుసా?"

"అట్ల కోసం" అంది.

"అట్ల కోసం కాదు. నీ గొంతు వినలేక! నీ గొంతు పడక రెండు చెవులూ మూసుకుని పడుకునేదాన్ని. దేవుడా, నన్ను పెద్దమ్మ కడుపున ఎందుకు పుట్టించలేదని రోజూ ఏడ్చేదాన్ని. ఇప్పటికీ అదే అనిపిస్తుంది."

"ఒసే, నోర్ముయ్యవే!" అంది పెద్దమ్మ.

అమ్మ కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. పెద్దమ్మ వైపు చూడలేదు, నావైపు చూసింది. "ఏమన్నావ్?" అంది.

పచ్చబడింది. టప్.

ఆపలేకపోయాను, ఆపకూడదు కూడా. "ఇన్నేళ్లూ పెళ్లెందుకు చేసుకోలేదని అడుగుతావు కదా. నా పిల్లలు నీ దగ్గర పెరగకూడదని చేసుకోలేదు."

టప్.

అమ్మ అరవలేదు. ఎవరి మీద కోపం వచ్చినా అరిచే మనిషి, నోరు మెదపకుండా నన్నే చూస్తూ ఉండిపోయింది. గుండె మాత్రం కొట్టుకుంటోంది, ఒక్క తప్పటడుగు లేకుండా. అంత నిలకడైన పచ్చ నేను పెద్దమ్మ తిట్లలో కూడా చూడలేదు. మూడో షాక్‌కు చివరి పెళ్ల రాలింది. ఇరుకు తెరుచుకుంది. చిమ్ముతున్న రక్తం చదునుగా పారడం మొదలుపెట్టింది, సుడులు ఒక్కొక్కటే అణిగిపోయాయి. యూనస్ గారు "అల్హమ్దులిల్లా" అని గోడకు జారగిలబడ్డారు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఆనందంతో కూలబడ్డాననే అనుకున్నాను.

ఆ తర్వాత అంతా సంబరమే. డైరెక్టరు నన్ను జనరేటరు పక్కనుంచి తీసుకొచ్చి కిటికీ గది ఇచ్చాడు. సగటు పనికిరాదని మొదట్నుంచీ తనే చెప్పినట్టు సభల్లో మాట్లాడుతున్నాడు. యూనస్ గారికి రోజూ ఫోన్లే. ఒక్కో గుండెకు ఏది నిలకడో వెతకాలి. కొందరికి పాట, కొందరికి లెక్కలు, ఒక తాతగారికి పేకాట. కోపం అందరికీ అక్కర్లేదు.

అమ్మ కాకినాడ వెళ్లిపోయింది. పెద్దమ్మ రెండు పూటలా వండి గోడ మీదుగా గిన్నెలు అందిస్తోందనీ, ఇద్దరూ మధ్యాహ్నం కలిసి తింటున్నారనీ నాన్న ఫోన్లో చెప్పాడు. గోడకు దారి కొట్టిద్దామనుకుంటున్నారట. "ఇల్లంతా ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు నాన్న, భయపడుతున్నట్టు. అమ్మకు ఫోనిమ్మంటే ఇచ్చేవాడు. తిన్నావా అని అడిగేది. తిన్నానని చెబితే, సరే ఉంటాను అనేది. ఎందుకు ఆలస్యంగా తిన్నావని కేకలెయ్యలేదు, ఆ ఊళ్లో ఏం గడ్డి తింటున్నావని అడగలేదు. ఒక నెల ఓర్చుకుని కాకినాడ వెళ్లాను.

అమ్మ మేడ మెట్లు ఆగకుండా ఎక్కి దిగింది. నాకు కొత్త కంచంలో వడ్డించింది. చుట్టాలకు పెట్టినట్టు కొసరి కొసరి పెట్టింది. భోజనాలయ్యాక గదిలో నడుం వాల్చితే వెళ్లి పక్కన కూర్చున్నాను. వంటింట్లో పెద్దమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, ఆ రోజు అన్నవన్నీ నీ గుండె కోసం అన్నాను."

"తెలుసు. డాక్టరుగారు అంతా చెప్పారు."

"మరి నాతో సరిగా మాట్లాడవేం?"

"మాట్లాడుతూనే ఉన్నాను కదా."

"ఇలా కాదు. తిట్టు. పోనీ కొట్టు."

అమ్మ నావైపు తిరిగింది. "మీ పెద్దమ్మకి నువ్వు నేర్పి తీసుకొచ్చావు. అది నాలుగు మాటలని, ఇంక నోరు రాక ఏడ్చింది. నీకెవరు నేర్పారే?"

"ఆ క్షణంలో నోటికొచ్చింది అనేశాను. అబద్ధం అనుకో."

"అబద్ధమైతే నీ పచ్చదీపం వెలిగేదా?"

జవాబు లేనప్పుడు మా ఇంటివాళ్లం ఏం చేస్తామో నేనూ అదే చేశాను, గొంతు పెంచాను. "వెలగాలనే అన్నాను! అనకపోతే నువ్వివాళ ఇక్కడ ఉండేదానివి కాదు. నా మాట వల్లే బతికావు, తెలుసా? నన్నేం చెయ్యమంటావు, చూస్తూ ఊరుకోమంటావా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ మాత్రం అదే గొంతుతో, నెమ్మదిగా అంది.

"నిజమే. బతికించావు. నువ్వు అనకపోతే పోయేదాన్ని. ఆ మాట వినకుండా పోయేదాన్ని కదే."

అని గోడవైపు తిరిగి పడుకుంది. ఊపిరి తేలిగ్గా, ఎక్కడా తడబడకుండా తీస్తోంది.